ఒకే గడపకు ఇద్దరు పెద్దలు

పరాయివాళ్ళ కిటికీల కొలతలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అమెరికాలోని పాటర్సన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇరవై ఏళ్ళుగా కర్టెన్లు బిగిస్తున్నాను. ఏ గదిలోకి పొద్దున్నే వెలుగు పిల్లిలా వస్తుందో, ఏ గదిలోకి అప్పులవాడిలా వస్తుందో గడప దగ్గరే చెప్పేస్తాను. ఎండను ఎంత రానివ్వాలి, ఎంత ఆపాలి అనేది నా వృత్తి. మా పడకగది కిటికీకి మాత్రం నాలుగు మేకులు కొట్టి వేలాడదీసిన పాత దుప్పటి ఉంటుంది. దాని మీద పసుపు బాతులు. తెల్లారేసరికి ఎండ వాటి గుండా వచ్చి గోడంతా బాతుల నీడలు ఈదుతాయి. "వచ్చే ఆదివారం కర్టెన్ బిగిస్తాను" అని నెలిదాకు మాటిచ్చి ఎన్ని ఆదివారాలయ్యాయో ఆ బాతులకే తెలుసు. నా మాటలు కోటలు దాటుతాయి, నిచ్చెన మాత్రం వ్యాన్‌లోంచి దిగదు.

నా పేరు పెర్సీ హువారింగా. పెరూలో, హువాన్కాయోలో పుట్టాను. పాటర్సన్‌లో లావయ్యాను. అమెరికా నాకు పౌరసత్వం ఇచ్చింది, నెలిదా నాకు బొండాం అని పేరిచ్చింది. రెండో దాన్నే ఎక్కువ వాడతారు.

మార్కెట్ వీధి వెనక మేడ మీది వాటాలో మేం నలుగురం ఉంటాం. మా అమ్మ ఫోర్తునాతా, నెలిదా, నెలిదా కూతురు యదీరా, నేను. చలికాలంలో ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలో అమ్మ చెబుతుంది. ఏం వండాలో నెలిదా చెబుతుంది. టీవీలో ఏం చూడాలో యదీరా చెబుతుంది. చెత్త ఏ రోజు బయట పెట్టాలో నేను చెబుతాను, అది కూడా మున్సిపాలిటీ వాళ్ళు చెప్పాకే.

నెలిదా ఒక కాల్చిన కోళ్ళ హోటల్లో వంటింట్లో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి జుట్టు విప్పుకుంటే గదిలోకి బొగ్గు వాసన, జీలకర్ర వాసన దిగుతాయి. నాకు ఆ వాసనే సాయంత్రం. ఆమె పదిహేడేళ్ళ కిందట చుట్టపుచూపు వీసా మీద వచ్చి, తిరిగి వెళ్ళలేదు. యదీరా ఇక్కడే పుట్టింది. మేం కలిసి కాపురం పెట్టిన చాన్నాళ్ళకి, ఒక అక్టోబరులో, మా ఊరి సిటీ హాల్లో పెళ్ళి చేసుకున్నాం. ఆ మర్నాడే నెలిదా గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టాం. పౌరుడి భార్య కాబట్టి ఇస్తారు, పెళ్ళి నిజమైనదని నమ్మితే. ఆ నమ్మితే అన్న మాట మీదే మా ఇల్లంతా నిలబడి ఉంది. నమ్మకపోతే నెలిదాని వెనక్కి పంపేసే దారి తెరుచుకుంటుంది.

ఫిబ్రవరిలో పన్ను లెక్కలు వేయించుకోవడానికి దోన్ తెయోఫిలో దగ్గరికి వెళ్ళాను. మంగలి షాపు వెనక గదిలో కూర్చుని మూడు నెలలు పన్నులు చూస్తాడు, మిగతా తొమ్మిది నెలలు ఇన్సూరెన్స్ అమ్ముతాడు. తల ఎత్తకుండా అడిగాడు.

"ఒంటరివా, పెళ్ళయిందా, ఇంటి పెద్దవా?"

మూడో మాట తప్ప నాకేమీ వినబడలేదు.

ఆ మాటకి నా లోపల ఒక పాత తలుపు ఉంది. మా దేశంలో జనాభా లెక్కల రోజున ఎవరూ వీధిలోకి రాకూడదు. ఊరంతా ఇళ్ళలో కూర్చుని లెక్క రాసేవాళ్ళ కోసం ఎదురుచూస్తుంది. వీధులు కడిగిన పళ్ళేల్లా ఖాళీగా మెరుస్తుంటాయి. మా నాన్న లారీ డ్రైవరు, అందులోనూ లారీ లేని డ్రైవరు. పేకాటలో దాన్ని ఎప్పుడో పోగొట్టుకున్నాడు. ఆ రోజు మాత్రం తెల్లవారుజామునే గడ్డం గీసుకుని, టై కట్టుకుని, బల్ల ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఒక కాలేజీ అమ్మాయి వచ్చి "ఈ ఇంటి పెద్ద ఎవరండీ?" అని అడిగింది. "నేనే" అన్నాడు. వంటింట్లో అమ్మ చేతిలోంచి గరిటె జారిపడింది. నాన్న అటు చూడలేదు. ఆ "నేనే" అన్నప్పుడు ఆయన ముఖంలో వెలిగిన దీపం పదేళ్ళపాటు, మళ్ళీ లెక్కలవాళ్ళు వచ్చేదాకా, వెలగలేదు.

అందుకని నేను కూడా వీపు నిటారుగా పెట్టి అన్నాను.

"ఇంటి పెద్దని."

"అమ్మ నీ దగ్గరే ఉంటోందా?"

"నా దగ్గరే."

"ఇంటి ఖర్చు?"

"నేను కాక ఇంకెవరు?"

"మరి పెళ్ళి చేసుకున్నావని విన్నాను."

"అక్టోబరులోనేగా. ఏడాదిలో ముప్పావు వంతు బ్రహ్మచారినే."

"నిజమే, పావు వంతు పెళ్ళి ఏం పెళ్ళి" అని నవ్వి, తెయోఫిలో ఆ గడిలో గుర్తు పెట్టాడు. నేను నా సంతకాల్లోకెల్లా అందమైనది పెట్టాను. చివర ఒక మెలిక కూడా తిప్పాను. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట, నా చేతికి ఒక గడి ఇస్తే ఇదిగో ఇలా జరిగింది.

వసంతంలో గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. కొత్త పన్ను కాగితాలు కూడా తెమ్మన్నారు. ఇంటర్వ్యూ అంటే భయం వేసి లాయరు దగ్గరికి వెళ్ళాం. ఇవెలీస్ మర్రేరో ప్యూర్టోరికో మనిషి. గట్టిగా మాట్లాడుతుంది, మెల్లిగా చదువుతుంది. నా కాగితాలు ఒక చేత్తో, నెలిదావి ఇంకో చేత్తో పట్టుకుని, టెన్నిస్ ఆట చూసేవాళ్ళలా అటూ ఇటూ చూసింది.

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా?"

"ఒకే ఇల్లు, ఒకే మంచం, ఒకే దుప్పటి. ఆ దుప్పటి ఈవిడే లాక్కుంటుంది" అన్నాను.

"మరి మీరు ఇంటి పెద్ద అని రాశారు."

"అవునండీ" అన్నాను, కాస్త గర్వంగానే.

"ఆవిడ కూడా ఇంటి పెద్ద అనే రాసింది."

నేను నెలిదా వైపు తిరిగాను. నెలిదా అప్పటికే నా వైపు తిరిగి ఉంది. ఆమె ప్రతి ఏడూ పార్శిళ్ళు పంపే కొట్లో ఒక ఆవిడ దగ్గర పన్ను రాయించుకుంటుంది. ఆ ఏడు కూడా అలవాటు చొప్పున అక్కడికే వెళ్ళి, అలవాటు చొప్పున అదే గడిలో గుర్తు పెట్టించుకుని వచ్చింది.

"నువ్వు ఇంటి పెద్దవా?" అన్నాను.

"మరి ఎవరు, నువ్వా?"

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదే."

"సూర్యుడు తూర్పున పొడుస్తాడని కూడా నీకు చెప్పలేదు బొండాం. తెలుసనుకున్నాను."

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా ఇంట్లో మూడున్నాయి, మూడోది, మా అమ్మ, ఇంట్లో కూర్చుని రెండు కత్తులకీ సూపు కాస్తోంది. లాయరు మాత్రం నవ్వలేదు.

"ఇది మీసాల సంగతి కాదు. ఇంటి పెద్ద అనే గడి పెళ్ళికాని వాళ్ళకి, లేదా పెళ్ళయినా విడిగా ఉంటూ ఇంటి ఖర్చు సగం పైన మోసేవాళ్ళకి. డిసెంబరు ఆఖరి రోజున మీకు పెళ్ళయి ఉంటే ఆ ఏడంతా పెళ్ళయినట్టే. ముప్పావూ పావూ ఉండవు. పెళ్ళయి కలిసి ఉన్నవాళ్ళకి రెండే గడులు. కలిసి వేయడం, లేదా విడివిడిగా వేయడం. ఇప్పుడు ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఏం కనబడుతుంది? ఇద్దరు పెద్దలంటే రెండు ఇళ్ళు. రెండు ఇళ్ళంటే కాగితం కోసం చేసుకున్న పెళ్ళి."

నెలిదా చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, చుట్టుకుంటూ ఉంది. మా నాన్న ఒక మాట కోసం టై కట్టుకున్నాడు. నేను అదే మాట కోసం పెళ్ళాన్ని పోగొట్టుకునేలా ఉన్నాను.

"విడివిడిగా వేసుకోవచ్చు, తప్పేం లేదు" అంది ఇవెలీస్. "చట్టం ఒప్పుకుంటుంది. కానీ మీ అద్దె ఒకటి, బ్యాంకు ఒకటి, ఫ్రిజ్ ఒకటి. కలిసి వేస్తే అది నిజమూ అవుతుంది, సాక్ష్యమూ అవుతుంది. పాతవి సరిచేసి ఇద్దరి పేరుతో ఒకటే వేయండి. వాళ్ళు అడిగాక కాదు, అడక్కముందే. ఇంటర్వ్యూకి పాతవీ తీసుకెళ్దాం, కొత్తదీ తీసుకెళ్దాం. దాచేదేం లేదు."

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద కొత్త కాగితం పరిచాం. మొదటి గీత మీద ఒక పేరు, దాని కింద రెండో పేరు. ఎవరిది ముందు?

"నాదే ముందు ఉండాలి. అద్దె కట్టేది నేను" అంది నెలిదా.

"సగం."

"పెద్ద సగం."

"సగాల్లో పెద్దది ఉండదు నెలిదా."

"నువ్వు కోడిని కోస్తే ఉంటుంది" అంది. ఆ హోటల్లో నాలుగు ముక్కలు సమానంగా కోసేది ఆమె ఒక్కతే.

అమ్మ సోఫాలోంచి టీవీ చప్పుడు తగ్గించింది. మా ఇంట్లో అది తీర్పు వచ్చే ముందు మోగే గంట.

"అమ్మాయ్, వాడి పేరు ముందు రాయి."

"ఎందుకమ్మా?"

"వాడికి ఇంకేం ఉంది గనక."

నా పేరు ముందు రాశారు. ఇంత గొప్పగా గెలిచి ఇంత చిన్నబోయినవాడు ఇంకెవరైనా ఉన్నాడో లేదో తెలియదు. ఇద్దరం సంతకాలు చేశాం. నేను మెలిక తిప్పలేదు. ఇంటి పెద్దలమని రాసినందుకు ఇద్దరికీ ఎక్కువగా తిరిగొచ్చిన పన్ను డబ్బు కొంత వెనక్కి కట్టాల్సి వచ్చింది. అది కర్టెన్ల గుడ్డ కోసమే దాచానని నెలిదాకి చెప్పాను. ఆమె పడకగది తలుపులోంచి బాతుల వైపు చూసింది.

ఇంటర్వ్యూ రోజున అమ్మ నా టై బిగించింది. మెడ నాదేనని ఆవిడకి తోచినట్టు లేదు. అధికారిణి నెరిసిన జుట్టు మనిషి. కుర్చీ వెనక స్వెట్టరు వేలాడుతోంది, కిటికీకి సగం విరిగిన బ్లైండ్స్ ఉన్నాయి. చూడగానే కొలత తీసేశాను, వృత్తి ధర్మం. మా ఇద్దరితో నిజమే చెబుతామని చేతులెత్తించి ప్రమాణం చేయించింది. నెలిదా కోసం ఒక ముసలాయన దుబాసీగా కూర్చున్నాడు. ఇవెలీస్ పక్కన ఉంది.

అధికారిణి కాగితాలు తిరగేసి ఆగింది.

"ఫిబ్రవరిలో ఇద్దరూ విడివిడిగా, ఇద్దరూ ఇంటి పెద్దలు. మొన్న ఇంటర్వ్యూకి పిలిచాక సరిచేశారు. ఎందుకు?"

నేను మా నాన్న గడ్డం గీసుకోవడం దగ్గర మొదలుపెట్టాను. టై దాకా వచ్చేసరికి ఇవెలీస్ బల్ల కింద నా బూటు తొక్కింది. "తెలియక రాశాం, తెలిసాక దిద్దాం" అని ముగించాను.

అధికారిణి తల ఊపలేదు, అలాగని కసురుకోనూ లేదు. నెలిదాని బయట కూర్చోమంది. నన్ను ఒక్కణ్ణి అడిగింది. ఏ వైపు పడుకుంటారు, నిన్న రాత్రి ఏం తిన్నారు, పొద్దున ముందు ఎవరు లేస్తారు. అన్నీ చెప్పాను. తర్వాత అడిగింది.

"మీ పడకగది కిటికీకి ఏముంది?"

ఇరవై ఏళ్ళ పరువు నాలుక చివరికి వచ్చి నిలబడింది. క్రీము రంగు, రెండు పొరలు, ఇత్తడి కడ్డీ. చెప్పడం ఎంత తేలిక. ఎత్తిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉన్నట్టు అనిపించింది.

"దుప్పటండీ. బాతుల దుప్పటి. మేకులు కొట్టాను."

ఆమె నా దరఖాస్తులో వృత్తి అని ఉన్న చోట చూసింది, నన్ను చూసింది, రాసుకుంది.

"ఇంతకీ మీ ఇంటికి పెద్ద ఎవరు?"

పరువు ఒకసారి కిటికీలోంచి పోయాక మళ్ళీ గుమ్మంలోంచి రాదు. "మా అమ్మ" అన్నాను. "ఆవిడ తర్వాత నా భార్య. ఆమె తర్వాత యదీరా. ఆ తర్వాత చోటు ఖాళీ ఉంటే నేను."

నన్ను బయటికి పంపి నెలిదాని పిలిచారు. బయట కుర్చీలో కూర్చుని కిటికీలోంచి పడుతున్న ఎండను చూశాను. అది నేల మీద తెల్లని గుడ్డలా పరుచుకుని, ఎవరూ అడక్కుండానే మెల్లగా జరుగుతోంది. అంత తేలికగా నేనూ ఈ దేశంలో ఎప్పుడైనా జరిగానా అనుకున్నాను. ఇంతలో నన్ను కూడా లోపలికి రమ్మన్నారు.

అధికారిణి కలం కింద పెట్టింది.

"మీ జవాబులు రెండు చోట్ల కలవలేదు. కిటికీకి బాతుల దుప్పటి అని మీరన్నారు. క్రీము రంగు కర్టెన్లు, మా ఆయనే బిగించాడు అని ఈమె అంది. ఇంటి పెద్ద మా అమ్మ అని మీరన్నారు. మా ఆయన అని ఈమె అంది."

దుబాసీ ఆ మాటలు స్పానిష్‌లో పూర్తి చేసేలోపే నెలిదా నా వైపు తిరిగింది.

"బాతులని చెప్పావా?"

"ప్రమాణం చేశాం కదే."

"కర్టెన్లవాడి ఇంట్లో కర్టెన్లు లేవని ప్రభుత్వానికి చెప్పుకుంటావా? సిగ్గు లేదూ? నేను నీ పరువు కాపాడదామని క్రీము రంగు అన్నాను. పచ్చ అనో నీలం అనో అనకుండా, నువ్వు చెప్పి చెప్పి చంపిన ఆ క్రీము రంగే అన్నాను."

"మరి ఇంటి పెద్ద?"

"అది కూడా నీకే ఇచ్చాను. జన్మలో ఒక్కసారి ఇచ్చాను బొండాం, అదీ గవర్నమెంటు ముందు. నువ్వేమో తీసుకెళ్ళి మీ అమ్మ చేతిలో పెట్టావు."

"అంటే నిజం చెప్పడం తప్పా?"

"ఇంట్లో ఎప్పుడైనా చెప్పావా నిజం? వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం. మూడేళ్ళుగా ఆ బాతులు నా మొహం మీద ఈదుతున్నాయి. పొద్దున లేస్తే ఒకటి సరిగ్గా నీ ముక్కు మీద ఉంటుంది. నవ్వాపుకోలేక చస్తున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు గురక పెడుతుంటే ఎలా చెప్పను?"

దుబాసీ మొదట్లో పరిగెత్తుతూ అనువదించాడు, గురక దగ్గర ఆయాసపడి ఆగిపోయాడు. అధికారిణి చేత్తో వారించింది. "చాలు, నాకు అర్థమయింది" అని నెలిదాతో అంది. "ప్రమాణం చేశాక ఎవరి పరువూ కాపాడకూడదమ్మా. కిటికీకి ఏముంది?"

నెలిదా తల దించుకుని చెప్పింది. "బాతులు."

"ఇంటి పెద్ద?"

"వాళ్ళమ్మ."

"ఆ దుప్పటి కనబడే ఫొటో ఏదైనా ఉందా?"

పెళ్ళి ఆల్బమ్ నిండా ఇద్దరం పళ్ళికిలించిన ఫొటోలు తెచ్చాం. ఒక్క దాంట్లోనూ బాతులు లేవు. నెలిదా కాసేపు ఫోన్లో వెతికి, నా వైపు చూడకుండా బల్ల మీదుగా జరిపింది. పెళ్ళికి చాలా ముందు తీసిన ఫొటో. నేను నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను, వెనక కిటికీ, దాని మీద బాతులు, నా ముక్కు మీద ఒక పసుపు నీడ. కింద ఆమె మా అమ్మకి పంపిన సందేశం కూడా ఉంది. "చూడండమ్మా, మీ వాడు చెరువైపోయాడు."

అధికారిణి ఆ ఫొటోని చాలాసేపు చూసింది. మా ఆల్బమ్‌ని అంతసేపు చూడలేదు. తర్వాత ఫోన్ తిరిగిచ్చి, నిర్ణయం పోస్టులో వస్తుందని చెప్పింది. లేచి నిలబడుతూ, నన్ను చూసి మర్యాదగానే అడిగింది.

"మీరు నిజంగా కర్టెన్లే బిగిస్తారా?"

ఆమె వెనక విరిగిన బ్లైండ్స్ చూస్తూ, నా కార్డు ఇద్దామని జేబులో చెయ్యి పెట్టాను. ఇవెలీస్ మళ్ళీ నా బూటు తొక్కింది.

గ్రీన్ కార్డు వేసవిలో వచ్చింది. కవరు అమ్మ చింపింది, ఇంటి పెద్ద కదా. నెలిదా దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుగుకి ఎత్తి పట్టుకుని, ముందూ వెనకా చూసింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు నీళ్ళు పోనిచ్చింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు వెనక ఏముందో వినడానికి ప్రయత్నించలేదు.

ఆ ఆదివారం నేను మాట నిలబెట్టుకున్నాను. వ్యాన్‌లోంచి నిచ్చెన దించాను. క్రీము రంగు, రెండు పొరలు, ఇత్తడి కడ్డీ. ఎవరో కొనుక్కుని వద్దన్న గుడ్డే, అయినా మంచిది. నిచ్చెనెక్కి మొదటి మేకు మీద పటకారు పెట్టాను.

"దిగు" అంది నెలిదా.

"ఎందుకు?"

కార్డు చూపించింది. పెళ్ళయి రెండేళ్ళు నిండలేదు కాబట్టి రెండేళ్ళకే ఇచ్చారు. అది అయిపోయే ముందు ఇద్దరం కలిసి మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి, కాపురం నిజమైనదేనని మళ్ళీ చూపించాలి.

"మళ్ళీ అడిగితే?" అంది. "ఈసారి ఇద్దరం ఒకటే మాట చెప్పాలి. సాక్ష్యాన్ని ముట్టుకోకు."

"నెలిదా, ఇరవై ఏళ్ళ వృత్తి..."

ముందు గదిలో టీవీ చప్పుడు తగ్గింది.

నేను దిగి నిచ్చెన మడిచాను. కర్టెన్లు మంచం కింద ఉన్నాయి. తెల్లవారితే గోడ మీద బాతులు ఈదుతాయి. ఒకటి వచ్చి నా ముక్కు మీద వాలుతుందని ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి, కాస్త ముందే మెలకువ వచ్చినా కళ్ళు తెరవను, గురక పెడుతున్నట్టే పడుకుంటాను.